దారి మధ్యలో చదువు

1831 ఆగస్టు నెలాఖరున ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో ఒక తండ్రి తన కుమారుని కోరికను కాదన్నాడు. కుమారుని వయస్సు 22 ఏళ్ళు. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకున్నాడు. ఇక చర్చిలో మతాచార్యుడుగా స్థిరపడవలసినవాడు. అంతలో, దక్షిణ అమెరికా తీరాలను కొలిచి పటాలు గీయడానికి బయలుదేరుతున్న ఒక నౌకలో ప్రకృతి పరిశీలకుడుగా రమ్మని అతనికి పిలుపు వచ్చింది. జీతం లేదు. ఖర్చు తండ్రే భరించాలి. ఇది నిలకడలేని ఆలోచన అనీ, వెళ్ళి వచ్చిన తరువాత కుర్రవాడు ఏ పనిలోనూ కుదురుకోడనీ, మొత్తానికి నిష్ప్రయోజనమైన ప్రయత్నమనీ తండ్రి అభిప్రాయపడ్డాడు. అయితే, బుద్ధిమంతుడెవరైనా ఇది మంచి పని అని చెప్పగలిగితే తాను అంగీకరిస్తానని ఒక చిన్న తలుపు మాత్రం తెరిచి ఉంచాడు. కుమారుడు తండ్రి అభ్యంతరాలను ఎనిమిదింటిగా వరుసపెట్టి కాగితం మీద వ్రాసి మేనమామకు చూపించాడు. మేనమామ ఒక్కొక్కదానికీ ఓర్పుగా సమాధానం వ్రాశాడు. తండ్రి మెత్తబడ్డాడు.

ఆ యువకుడు చార్లెస్ డార్విన్. ఆ నౌక బీగిల్. తరువాతి కథ లోకానికి తెలిసినదే. కాని తండ్రి చెప్పిన ఆ అభ్యంతరాలు ఈనాటికీ పాతబడలేదు. ఇంచుమించు అవే మాటలు ఇప్పుడు మన ఇళ్ళలో వినిపిస్తున్నాయి.

మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం ప్రకటితమైన తరువాత, డిగ్రీ చదువు మధ్యలో కొంతకాలం ఆగి, తిరిగి వచ్చి చేరే మార్గానికి గుర్తింపు లభించింది. విద్యార్థి అంతవరకు సంపాదించుకున్న క్రెడిట్లను భద్రపరచడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో నిబంధనలు చేసింది. ఫలితంగా, ఒక సెమిస్టరు సెలవు పుచ్చుకుని దేశం చూసి వస్తామనే పిల్లలు మధ్యతరగతి ఇళ్ళలో కూడా కనిపిస్తున్నారు. దీన్ని వారు గ్యాప్ సెమిస్టర్ అంటారు. తల్లిదండ్రుల భయం ఒక్కటే: చదువు చెడిపోతుందేమో! ఈ భయం కొంత మేరకు పిల్లలకు కూడా ఉంటుంది. కనుకనే బయలుదేరే ముందు వారు ఒక పెద్ద పుస్తకాల జాబితా తయారు చేసుకుంటారు.

ఆ జాబితా దారిలో ఏమవుతుంది? ప్రయాణమూ పఠనమూ ఒకే కాలంలో సాగుతాయా? సాగాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం కోసం మనం కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు. మనకంటె ముందు దారి నడిచినవారు ఆ సమాధానాన్ని తమ జీవితాలలో వ్రాసిపెట్టి వెళ్ళారు.

కదిలే బండిలో నిలవని చూపు

మా అక్కయ్య కూతురు చరిత్ర విద్యార్థిని. మూడవ సంవత్సరం మొదటి సెమిస్టరు పూర్తి చేసి, విశ్వవిద్యాలయం వారి అనుమతి పత్రం తీసుకుని, ఉత్తరదేశ యాత్రకు బయలుదేరింది. ఆమె ఉపకార వేతనం కొనసాగాలంటే తిరిగి వచ్చిన సెమిస్టరులో మార్కులు తగ్గకూడదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, తల్లికి ఇంకా బాగా తెలుసు. అందుచేత 21 పుస్తకాలు చదవాలని నిర్ణయించుకుంది. నాలుగింటిని సంచిలో పెట్టుకుంది. మిగిలినవి ఫోనులో నింపుకుంది.

బయలుదేరిన నలభై రోజులకు ఆమె దగ్గరనుంచి నాకు కబురు వచ్చింది: "పిన్నీ, పదకొండు ఊళ్ళు చూశాను. చదివింది అరవై పేజీలు. అమ్మకు చెప్పకు."

ఈ పిల్ల సోమరి కాదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు వారానికి ఒక పుస్తకం చదివే అలవాటు ఉన్నదే. మరి దారిలో ఏమైంది?

కొంత భాగం శరీర ధర్మం. మన చెవి లోపలి భాగంలో శరీరపు కదలికను కనిపెట్టే అవయవం ఒకటి ఉంది. బస్సు ఊగుతున్నప్పుడు అది 'కదులుతున్నాం' అని మెదడుకు చెబుతుంది. అదే సమయంలో పుస్తకం మీద నిలిచిన కన్ను 'కదలడం లేదు' అని చెబుతుంది. ఈ రెండు కబుర్లకూ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. కిటికీలోనుంచి దూరంగా చూస్తే ఆ బాధ తగ్గడానికి కారణం కూడా ఇదే. ఘాట్ రోడ్డు మీద బస్సులో చదవలేనివారు సాఫీగా సాగే రైలులో చదవగలుగుతారు.

రెండవ కారణం శరీరానిది కాదు, మనసుది. ఇంటివద్ద మనం ఆలోచించకుండా చేసే పనులన్నీ కొత్త ఊళ్ళో ఆలోచించి చేయవలసినవే. ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, బస ఎక్కడ, భోజనం ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, సామాను ఎవరికి అప్పగించాలి అన్నీ సమస్యలే. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళినప్పుడు వీటికి తోడు ఇంకొన్ని జాగ్రత్తలు. సాయంకాలం గదికి చేరేసరికి మనసులో మిగిలే శక్తి బహు స్వల్పం. దానితో పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నిద్ర ముంచుకు వస్తుంది. మూడు రోజులకొక ఊరు మారే యాత్రికునికి ఈ అలసట ఏనాటికీ తీరదు. ఒక ఊరి వీధులు అలవాటయ్యే వేళకు ఇంకొక ఊరు ఎదురవుతుంది.

ఇంతకూ ఆ పిల్ల లోపం పుస్తకాలు చదవకపోవడం కాదు, ఆగకపోవడం.

ఓడలోని చిన్న గది

1831 డిసెంబరు 27న బయలుదేరిన బీగిల్ నౌక 1836 అక్టోబరు 2న తిరిగి ఇంగ్లండు చేరింది. ఇంచుమించు అయిదేళ్ళ యాత్ర. ఈ కాలమంతా డార్విన్ సముద్రం మీదనే గడిపాడని అనుకుంటాం. నిజానికి అతడు ఓడలో ఉన్నది సుమారు ఏడాదిన్నర మాత్రమే. మిగిలిన మూడేళ్ళ పైచిలుకు కాలం నేలమీదనే గడిచింది. ఓడ తీరాలను కొలుస్తూ ఉంటే అతడు దిగి, నెలల తరబడి లోపలి ప్రాంతాలలో తిరిగి, మళ్ళీ వచ్చి ఓడ ఎక్కేవాడు. చూడడానికి నేల, చదవడానికి ఓడ అన్నట్టుగా ఆ యాత్ర తనంతట తానే ఒక క్రమంలో పడింది.

ఓడలో అతనికి దొరికిన చోటు చాలా చిన్నది. పటాలు గీసే బల్ల ఉన్న గదిలో, ఆ బల్ల మీదుగా ఊయల పడక కట్టుకుని పడుకునేవాడు. కాళ్ళు చాపుకోవడానికి చాలక, అలమారలోని ఒక సొరుగును రోజూ రాత్రి బయటికి తీయవలసి వచ్చేది. అయితే ఆ గదిలోనే ఓడ గ్రంథాలయం కూడా ఉండేది. అందులో సుమారు 400 సంపుటాలు ఉండేవని పరిశోధకులు లెక్క తేల్చారు. చేయి చాస్తే పుస్తకం అందే దూరంలో నిద్రపోయే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

కాని ఆ భాగ్యంతోపాటు ఒక శాపం కూడా ఉంది. డార్విన్‌కు సముద్రం పడేది కాదు. అయిదేళ్ళలోనూ ఆ వాంతుల బాధ అతన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. తొలి రోజుల్లో బిస్కట్లు, ఎండుద్రాక్ష తప్ప మరేదీ కడుపులో నిలవలేదు. కూర్చోలేక, పడక మీద వాలి చదివేవాడు. ఆ దినాలలో అతని చేతిలో ఉన్నది జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ వ్రాసిన దక్షిణ అమెరికా యాత్రా గ్రంథం. అందులోని టెనెరీఫ్ ద్వీప వర్ణన అతనికి ఎంతో ప్రియమైనది. ఆ ద్వీపం కంటబడింది కూడా. తీరా చేరేసరికి, ఇంగ్లండులో కలరా ఉన్నందున 12 రోజులు నౌక దూరంగానే ఉండాలని అధికారులు శాసించారు. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ అంతకాలం వేచి ఉండక ఓడను ముందుకు నడిపించాడు. చదివిన చోటు కళ్ళెదుట కనిపించి దాటిపోయింది.

దానికి బదులుగా మరొక చోటు లభించింది. 1832 జనవరిలో ఓడ కేప్ వెర్డ్ దీవులలో ఒకటైన సెయింట్ జాగోలో ఆగింది. మూడు వారాలకు పైగా అక్కడే ఉంది. డార్విన్ దగ్గర అప్పుడు లయెల్ వ్రాసిన భూగర్భశాస్త్ర గ్రంథం మొదటి సంపుటం ఉంది. దాన్ని కెప్టెన్ బహూకరించాడు. కేంబ్రిడ్జి గురువు హెన్‌స్లో దాన్ని చదవమని చెబుతూనే, అందులోని సిద్ధాంతాలను మాత్రం ఒప్పుకోవద్దని హెచ్చరించాడు. భూమి ఉపరితలం ఒక్కసారిగా ప్రళయాల వల్ల కాక, నెమ్మదిగా లేస్తూ, కుంగుతూ మారుతుందని ఆ గ్రంథం వాదం. సెయింట్ జాగో తీరపు కొండ చరియలో, సముద్ర మట్టానికి సుమారు 45 అడుగుల ఎత్తున, ఒక తెల్లని చార అడ్డంగా సాగి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో సముద్రపు గవ్వలు! ఒకనాడు సముద్రపు అడుగున ఉన్న నేల పైకి లేచిందన్నమాట. ఆ లావా చరియ నీడలో కూర్చున్నప్పుడే తానూ ఒక పుస్తకం వ్రాయవచ్చునని తనకు మొదటిసారి తోచిందని డార్విన్ వృద్ధాప్యంలో తలచుకున్నాడు.

మూడేళ్ళ తరువాత, 1835 ఫిబ్రవరి 20న, చిలీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. కన్సెప్సియోన్ నగరం నేలమట్టమైంది. కొద్దిరోజులకు బీగిల్ అక్కడికి చేరింది. సమీపంలోని సాంతా మరియా ద్వీపపు తీరం 8 నుంచి 10 అడుగుల వరకు పైకి లేచినట్లు ఫిట్జ్‌రాయ్ కొలిచి చూశాడు. రాళ్ళను అంటుకుని ఉన్న ఆల్చిప్పలు నీటికి పైన మిగిలి కుళ్ళిపోతున్నాయి. పుస్తకంలో చదివింది కళ్ళముందు జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. డార్విన్ ఓడ గ్రంథాలయంలోని ఎన్ని పుస్తకాలు పూర్తి చేశాడన్నది ముఖ్యం కాదు. ఒక్క పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళి, దానిలోని ప్రశ్నను ప్రతి తీరం దగ్గరా అడిగాడు. ప్రయాణం లేకపోతే ఆ పుస్తకం ఒక వాదంగానే మిగిలేది. పుస్తకం లేకపోతే ఆ తెల్లని చార ఒక వింతగానే మిగిలేది.

ఓడ దిగి లోపలి ప్రాంతాలకు వెళ్ళేటప్పుడు ఒకే ఒక పుస్తకానికి చోటు ఉండేది. అప్పుడు అతడు శాస్త్ర గ్రంథం తీసుకువెళ్ళలేదు. ప్రతిసారీ మిల్టన్ మహాకవి 'పారడైజ్ లాస్ట్' కావ్యాన్నే ఎంచుకున్నాడు. పదే పదే చదివినా తరగని పుస్తకం అయితేనే ఒంటరి గుడారంలో తోడుగా నిలుస్తుంది.

ఆగిన చోటే అధ్యయనం

డార్విన్‌కు పన్నెండు వందల ఏళ్ళ క్రితం మరొక యాత్రికుడు మన దేశానికి వచ్చాడు. హ్యూయన్ త్సాంగ్ పేరు మన పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఉంది. హర్షుని సభ, నలందా వర్ణన మనకు గుర్తున్నాయి. కాని అతని యాత్ర ప్రయోజనమే చదువు అన్న సంగతి అంతగా గుర్తుండదు. చైనాలో దొరుకుతున్న బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసి, మూలాలు చదివి సందేహాలు తీర్చుకోవాలని అతడు ఇల్లు విడిచాడు. 645లో తిరిగి తన రాజధాని చేరేనాటికి పదహారేళ్ళకు పైగా గడిచాయి.

ఆ పదహారేళ్ళ లెక్క తీసి చూస్తే ఒక సత్యం బయటపడుతుంది. అతడు నడిచిన కాలం కంటె నిలిచిన కాలం తక్కువేమీ కాదు. కాశ్మీరంలో సుమారు రెండేళ్ళు ఆగాడు. అక్కడి రాజు గ్రంథాలకు ప్రతులు వ్రాయడానికి లేఖకులను కూడా ఇచ్చాడు. నలందలో సుమారు అయిదేళ్ళు ఉండి, వృద్ధాచార్యుడు శీలభద్రుని పాదాలచెంత యోగాచార శాస్త్రం విన్నాడు. ఆ ఒక్క గ్రంథాన్ని ఒకసారి చెప్పి ముగించడానికే ఆచార్యునికి 15 నెలలు పట్టింది. శిష్యుడు అంతటితో ఆగక దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాడు.

మన ఆంధ్రదేశంలోని ధాన్యకటకం కూడా అతని మజిలీలలో ఒకటి. అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు తారసపడ్డారు. వారు మహాసాంఘిక శాఖ అభిధర్మంలో నిపుణులు. హ్యూయన్ త్సాంగ్ కొన్ని నెలలపాటు అక్కడ ఉండి వారి దగ్గర ఆ శాస్త్రం చదివాడు. వారు అతని దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. వచ్చినవాడు ఇచ్చాడు, పుచ్చుకున్నాడు. దారిలో సాగే చదువుకు ఇంతకంటె చక్కని నమూనా ఉండదు.

స్వదేశానికి మరలిపోతుండగా సింధునది దాటేటప్పుడు పడవ అల్లకల్లోలమై యాభై గ్రంథాల కట్టలు నీటిపాలయ్యాయి. అతడు విలపిస్తూ కూర్చోలేదు, ముందుకు పరుగెత్తనూ లేదు. యాభై రోజులకు పైగా ఒక విహారంలో ఆగి, పోయిన గ్రంథాలలో కొన్నింటికి ప్రతులు వ్రాసి తేవడానికి మనుషులను ఉడ్యాన దేశానికి పంపించాడు. చివరకు 657 గ్రంథాలతో ఇల్లు చేరాడు. మిగిలిన జీవితమంతా వాటిని అనువదించడంలో గడిపాడు.

ఒక రాత్రి, ఒక పుస్తకం

అందరికీ అయిదేళ్ళు, పదహారేళ్ళు దొరకవు. ఒక్క రాత్రి మాత్రమే దొరికినవారి సంగతి ఏమిటి?

1904లో గాంధీజీ జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైలెక్కారు. సాగనంపడానికి వచ్చిన మిత్రుడు పోలక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతికిచ్చాడు. అది రస్కిన్ రచన 'అన్ టు దిస్ లాస్ట్'. ఇరవై నాలుగు గంటల ప్రయాణం. మొదలుపెట్టిన తరువాత పుస్తకం క్రింద పెట్టలేకపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి జీవితాన్ని మార్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ ఏడాదే ఫీనిక్స్ ఆశ్రమం వెలసింది. 1908లో ఆ పుస్తకాన్ని గుజరాతీలోకి తెచ్చి 'సర్వోదయ' అని పేరు పెట్టారు.

విద్యార్థి దశలో పాఠ్యపుస్తకాలు తప్ప తాను చదివింది చాలా తక్కువ అనీ, తరువాత కూడా తీరిక దొరకలేదనీ, అందువల్ల చదివిన కొద్దినీ బాగా జీర్ణం చేసుకోగలిగాననీ ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. జాబితా పూర్తి కాలేదని బెంగపడే పిల్లలు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఆ రైలులో ఆయన దగ్గర ఇరవై పుస్తకాలు ఉండి ఉంటే, ఒకదానినుంచి ఇంకొకదానికి దూకుతూ ఆ రాత్రి గడిచిపోయేదేమో!

పుస్తకమే లేకుండా పోతే? పాట్రిక్ లీ ఫెర్మర్ అనే ఆంగ్ల యువకుడు 18వ ఏట, 1933 డిసెంబరులో, హాలండు తీరం నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కు కాలినడకన బయలుదేరాడు. మ్యూనిక్ నగరంలో అతని సంచి దొంగలపాలైంది. అతడు మాత్రం నడక మానలేదు. కంఠస్థం చేసిన పద్యాలు బోలెడు ఉన్నాయి. వాటిని వల్లిస్తూ మైళ్ళు గడిపాడు. ఆ పద్యాల పట్టికను, 1977లో వెలువడిన తన యాత్రా గ్రంథంలో కొన్ని పేజీల పొడుగునా ఇచ్చాడు. మన పెద్దలకు ఇది వింత కాదు. బండిలో పోతూ భాగవత పద్యాలు చదువుకున్న తాతలను చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. నోటికి వచ్చిన పద్యాన్ని ఏ దొంగా ఎత్తుకుపోలేడు. దానికి చార్జింగు అక్కరలేదు. ఊగే బస్సులో అది కడుపులో తిప్పదు.

మన దేశంలో ఆగదగిన చోట్లు

ఆగాలి అంటే ఎక్కడ ఆగాలి? గుళ్ళనూ కోటలనూ చూసి ఊళ్ళ పట్టిక వేసుకునేవారు గ్రంథాలయాలను కూడా చూసి పట్టిక వేసుకోవచ్చును. మన దేశంలో అట్టి చోట్లకు కొరత లేదు.

తంజావూరులోని సరస్వతీ మహల్ ఒకటి. నాయక రాజుల కాలం నుంచి పెరుగుతూ వచ్చిన ఈ భాండాగారాన్ని 1832 వరకు పాలించిన మరాఠా ప్రభువు రెండవ శరభోజి ఎంతో విస్తరింపజేశాడు. ఆయన కాశీయాత్రకు వెళ్ళినప్పుడు అక్కడినుంచి కూడా వ్రాతప్రతులు సేకరించి తెచ్చాడు. సంస్కృతం, తమిళం, మరాఠీలతోపాటు తెలుగు తాళపత్రాలు కూడా అక్కడ ఉన్నాయి. పాట్నాలో గంగ ఒడ్డున, 1891లో ప్రజలకోసం తెరిచిన ఖుదాబక్ష్ గ్రంథాలయం ఉంది. అరబ్బీ, పారశీక వ్రాతప్రతులకు అది ప్రసిద్ధి. కలకత్తా అలీపూర్‌లో జాతీయ గ్రంథాలయం, మద్రాసులో 1896 నాటి కన్నెమరా గ్రంథాలయం ఉన్నాయి. మన ప్రాంతానికి వస్తే, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉన్నాయి. నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇక్కడి పాత పత్రికల కోసం ఎందరో పరిశోధకులు ఆ చిన్న ఊరికి వచ్చి రోజుల తరబడి ఉంటారు.

వ్రాతప్రతులు చూడాలంటే ముందుగా అనుమతి కావాలి. కళాశాల నుంచి ఒక పరిచయ లేఖ, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం మంచిది. సామాన్య పఠన మందిరంలో కూర్చుని మీ పుస్తకం మీరు చదువుకోవాలంటే ఇంత ప్రయాస ఉండదు. తెలియని ఊళ్ళో ఉదయం పూట వెళ్ళడానికి ఒక చల్లని గది, ఒక బల్ల, ఒక కుర్చీ దొరకడం యాత్రికునికి ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

మా అక్కయ్య కూతురికి నేను ఇచ్చిన సలహా రెండే మాటలు: ఊళ్ళు తగ్గించు, పుస్తకాలు తగ్గించు. అప్పటికి ఆమె పాట్నాకు చేరువలో ఉంది. అక్కడ స్నేహితురాలి మేనత్త ఇంట్లో మూడు వారాలు ఉండిపోయింది. ఉదయం తొమ్మిదిన్నరకు గ్రంథాలయానికి వెళ్ళి మధ్యాహ్నం దాకా చదివేది. సాయంకాలం ఊరు తిరిగేది. ఆమె చదివింది తన సంచిలోనే ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషి. 1830 మే నెలలో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, పాట్నా, కలకత్తా, పూరీ చూసుకుంటూ 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ మజిలీలో ఏ వసతులు ఉన్నాయో, దారి ఎట్లా ఉందో, ఏ దినుసులు దొరుకుతాయో ఏనాటికానాడు వ్రాసి ఉంచాడు. ఆ వ్రాతలు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ చేతికి చేరి, 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. నూట తొంభై ఏళ్ళ క్రితం ఒక తెలుగువాడు చూసిన పాట్నాను ఉదయం పుస్తకంలోనూ, నేటి పాట్నాను సాయంకాలం వీధిలోనూ చూస్తూ ఆ పిల్ల ఒక నోటు పుస్తకం నింపింది. సెయింట్ జాగోలోని తెల్లని చారవంటిది ఆమెకూ ఒకటి దొరికింది. ఒకే బాటమీద రెండు కాలాల మజిలీలను పోల్చి ఒక వ్యాసం వ్రాయాలని సంకల్పించుకుంది.

ఆమె ఆరు నెలలలో 21 పుస్తకాలలో నాలుగు మాత్రమే పూర్తి చేసింది. తిరిగి చేరిన తరువాత మొదటి నెల కష్టంగానే గడిచింది. తోటివారు ముందుకు వెళ్ళిపోయారు. ఉపన్యాసంలో గంటసేపు కుదురుగా కూర్చోవడం కూడా కొత్తగా అలవరచుకోవలసి వచ్చింది. మార్కులు తగ్గలేదు, అమాంతం పెరగనూ లేదు. ఉపకార వేతనం నిలిచింది. మా అక్కయ్య మాత్రం, "నాలుగే చదివిందటగా!" అని ఇప్పటికీ అంటుంది. కాని ఆ నాలుగింటిలో ఏ ఒక్కదాన్ని గురించి అడిగినా కూతురు గంటసేపు చెప్పగలదు. ఈ సంగతి ఆమెకు కూడా తెలుసు.

బయలుదేరేవారికి కొన్ని మాటలు

అనువాదం నా వృత్తి. ఒక పేజీని పదిసార్లు చదవడం నాకు జీవనోపాధి. అందుచేత ప్రయాణాలలో నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. ఏ ఊరు వెళ్ళినా ఒక పుస్తకంలోనుంచి రోజుకు అరపేజీ చేతితో అనువదిస్తాను. రైలు ఆలస్యమైనా, గదిలో దీపం మసకగా ఉన్నా అరపేజీకి ఆటంకం ఉండదు. రెండు భాషలు తెలిసిన ప్రతి విద్యార్థీ ఈ పని చేయగలడు. అలసిన కన్ను అక్షరాల మీదనుంచి జారిపోవచ్చును. వ్రాసే చేయి మాత్రం జారనివ్వదు.

మూటలోకి మూడు పుస్తకాలు చాలు. ఒకటి మళ్ళీ మళ్ళీ చదవదగినది: కావ్యమో, కథల సంపుటమో. రెండవది మీరు వెళ్ళే చోటును గురించి ఒక ప్రశ్న లేవనెత్తేది. మూడవది తిరిగి వచ్చాక పరీక్షకు పనికివచ్చేది. చదవడం ముగిసినదాన్ని తపాలాలో ఇంటికి పంపి, ఆ ఊళ్ళోనే మరొకటి కొనుక్కోవచ్చును. ఫోనులో ఎన్ని ఉన్నా సరే, ఈ వారం చదివేది ఏదో ఒక్కటే నిర్ణయించుకోవాలి. బస్సులో కిటికీలోనుంచి చూడండి, రైలులో చదవండి, నడిచేటప్పుడు నోటికి వచ్చినది వల్లించండి. నెలలో కనీసం పది రోజులైనా ఒకే ఊళ్ళో, ఒకే బల్ల దగ్గర గడపండి.

రోజూ కొంత వ్రాసి ఎవరికైనా పంపండి. చదివేవారు ఒకరుంటే వ్రాత తిన్నగా సాగుతుంది. డార్విన్ తన దినచర్యను భాగాలుగా ఇంటికి పంపేవాడు. అది చదివిన అక్క కారొలిన్, హంబోల్ట్‌ను మరీ ఎక్కువగా చదివినందువల్ల తమ్ముని శైలిలో ఆయన పూలపలుకులు చొరబడ్డాయని మందలించింది. తమ్ముడు ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ దినచర్య ఆధారంగా వెలువడిన యాత్రా గ్రంథం 1839లో అచ్చయింది. నేటికీ చదువుతున్నారు.

బయలుదేరే ముందు విశ్వవిద్యాలయపు అనుమతిని కాగితం మీద తీసుకోవడం మరువకండి. తిరిగి చేరే తేదీ, ఉపకార వేతనపు నిబంధనలు ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉంటాయి. తరువాత తల్లిదండ్రుల అభ్యంతరాలను డార్విన్ చేసినట్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికీ సమాధానం వెతకండి. సమాధానం దొరకనివి ఒకటి రెండు మిగిలితే, ఆ మేరకు యాత్రను సవరించుకోండి.

ఇంత చేసినా కొన్ని పుస్తకాలు మిగిలిపోతాయి. దానికి చింతించవలసిన పని లేదు. హ్యూయన్ త్సాంగ్ ఇల్లు చేరిన తొమ్మిదేళ్ళకు, 654లో, మన దేశంలోని మిత్రులకు ఉత్తరం వ్రాశాడు. సింధునదిలో పోయిన గ్రంథాల పట్టికను దానికి జతపరచి, వీలైతే పంపవలసిందని కోరాడు. అప్పటికి అతడు యాభై ఏళ్ళు దాటినవాడు. యాత్ర ఎప్పుడో ముగిసింది, పట్టిక మాత్రం ఇంకా అతని దగ్గరే ఉంది.